విండోస్ మార్చాక పాత ప్రోగ్రాం పడిపోతుంటే ఎక్కడ వెతకాలి

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇదే: ప్రోగ్రాంని అన్‌ఇన్‌స్టాల్ చెయ్యకండి. నిన్నటిదాకా పనిచేసిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్ అప్‌గ్రేడ్ అయిన మర్నాడు తెరవగానే మూసుకుపోతుంటే ఎవరి చెయ్యయినా ముందు అటే పోతుంది. తీసేసి మళ్ళీ వేస్తే సరిపోతుందిలే అనిపిస్తుంది. ఈమధ్య కొన్న ప్రోగ్రాంలకైతే అందులో తప్పేమీ లేదు. పాతవాటి సంగతి వేరు. వాటి డేటా చాలాసార్లు ప్రోగ్రాం ఫోల్డర్‌లోనే ఉంటుంది. సెటప్ సీడీ ఏ బీరువాలో ఉందో తెలీదు. లైసెన్స్ కీ రాసిపెట్టిన కాగితం ఎప్పుడో చెత్తలో కలిసిపోయుంటుంది. తీసెయ్యడం రెండు నిమిషాల పని, తిరిగి వెయ్యడం మీ చేతుల్లో ఉండకపోవచ్చు.

నేను చెన్నై జార్జ్‌టౌన్‌లో కొట్ల కంప్యూటర్లు చూస్తుంటాను. కొత్వాల్ చావడి, గోడౌన్ స్ట్రీట్ చుట్టుపక్కల పప్పులు, మసాలా దినుసులు, బట్టలు హోల్‌సేల్‌గా అమ్మేవాళ్ళలో తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. నాకు ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) ఇచ్చింది ఎక్కువగా వాళ్ళే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది కదా, ఆ తేదీకి కాస్త ముందూ వెనకా ఒక్కో కొట్టూ విండోస్ 11కి మారింది. కంప్యూటర్ కొత్తది. ప్రింటర్ డాట్ మ్యాట్రిక్స్. ప్రోగ్రాం మాత్రం ఎప్పుడో పక్కవీధిలో కూర్చుని ఒకాయన విజువల్ బేసిక్‌లో రాసిచ్చింది. ఆయన ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నాడో ఎవరికీ తెలీదు. అలాంటి ప్రోగ్రాంల కోసమే ఇది రాస్తున్నాను. కంపెనీకి ఫోన్ చేస్తే పలికే సాఫ్ట్‌వేర్ మీదైతే ముందు వాళ్ళకే చెయ్యండి, మీ టైం మిగులుతుంది.

కొత్త విండోస్ పాత ప్రోగ్రాంని పాడుచెయ్యడం నేను చూసినంతలో అరుదు. పాత విండోస్ చూసీచూడనట్టు వదిలేసినదాన్ని కొత్తది వదలదు, లేదా పాతదాంట్లో ఎవరో ఎప్పుడో పెట్టిన సెట్టింగ్ కొత్తదాంట్లో లేదు. ఆ ఒక్కటీ ఏమిటో పట్టుకోవాలి. పది చోట్ల పది మార్పులు ఒకేసారి చేసేస్తే ప్రోగ్రాం తెరుచుకున్నా దేనివల్ల తెరుచుకుందో తెలీదు. వచ్చే అప్‌డేట్‌కి మళ్ళీ మొదటికొస్తుంది.

కాపీ ముందు, అదీ మొత్తం

ప్రోగ్రాం ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు బయటి హార్డ్‌డిస్క్‌కి కాపీ చెయ్యండి. ఎక్కడుందో తెలియకపోతే డెస్క్‌టాప్ మీది ఐకాన్‌ని రైట్‌క్లిక్ చేసి ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ నొక్కండి, తీసుకెళ్తుంది. ప్రోగ్రాం నడుస్తుండగా కాపీ చెయ్యొద్దు, డేటా ఫైలు సగం రాసిన స్థితిలో ఉండొచ్చు. నాలుగైదు సీట్లున్న కొట్టయితే అన్ని సీట్లలోనూ మూసేశాకే చెయ్యాలి.

ఆ ఒక్క ఫోల్డర్‌తో పని అయిపోదు. విస్టా కాలం నుంచి విండోస్ ఒక పని చేస్తోంది. ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ లోపల మామూలు యూజర్ ఏమీ రాయకూడదన్నది దాని నియమం. పాత 32 బిట్ ప్రోగ్రాంలకి (కంప్యూటర్ల మునుపటి తరం కోసం రాసినవి, ఇప్పటివి 64 బిట్, ఇంకా పాతవి 16 బిట్) ఆ నియమం తెలీదు, తమ ఫోల్డర్‌లోనే డేటా రాయబోతాయి. ఆపేస్తే అవి పడిపోతాయి కాబట్టి విండోస్ ఆ రాతని మరోచోటికి మళ్ళిస్తుంది. యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, దాంట్లో లోకల్, దాంట్లో వర్చువల్‌స్టోర్ అని ఒకటుంటుంది, అక్కడికి. ప్రోగ్రాం మాత్రం తన ఇంట్లోనే రాసుకున్నాననుకుంటుంది. యాప్‌డేటా మామూలుగా కనపడదు. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, హిడెన్ ఐటమ్స్ టిక్ పెడితే బయటికొస్తుంది. వర్చువల్‌స్టోర్‌లో మీ ప్రోగ్రాం పేరు కనిపిస్తే, అసలు డేటా అదే అయ్యే అవకాశం ఎక్కువ.

ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, ఒక పప్పుల కొట్టులో ప్రోగ్రాం తెరుచుకోకపోతే పక్కకొట్టు కుర్రాడొచ్చి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ పెట్టి వెళ్ళాడు. ప్రోగ్రాం తెరుచుకుంది. సాయంత్రం పెద్దాయన ఫోన్ చేశారు: “అమ్మాయ్, ప్రోగ్రాం వచ్చింది గానీ 2019 తర్వాత లెక్కలేవీ కనపడటం లేదు. బాకీలన్నీ పోయినట్టేనా?” పోలేదు. అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే ఆ మళ్ళింపు ఉండదు. ప్రోగ్రాం నేరుగా ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉన్న ఫైలు చదివింది. అది ప్రోగ్రాంని ఆ కంప్యూటర్లో వేసిన నాటిది. ఆ తర్వాతివన్నీ వర్చువల్‌స్టోర్‌లో భద్రంగా ఉన్నాయి. అసలు చిక్కు ఏమిటంటే, మధ్యాహ్నమంతా ఆ పాత ఫైలు మీదే బిల్లులు కొట్టారు. వాటిని తర్వాత చేత్తో మళ్ళీ ఎక్కించాల్సొచ్చింది. అందుకే, తెరుచుకుంది కదా అని వెంటనే బిల్లు కొట్టకండి. నిన్నటి చివరి బిల్లు నంబరు కనిపిస్తోందో లేదో చూడండి.

ఇలాంటిదానికి నేను చేసే పరిష్కారం, ప్రోగ్రాంని ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ నుంచి బయటికి తేవడం. సీ డ్రైవ్‌లో కొత్త ఫోల్డర్ పెట్టి, ప్రోగ్రాం ఫైళ్ళన్నీ అక్కడికి కాపీ చేసి, వాటి మీద వర్చువల్‌స్టోర్‌లోని తాజా డేటాని వేసి, ఐకాన్‌ని కొత్త చోటికి తిప్పుతాను. కొన్ని ప్రోగ్రాంలు పాత దారిని ఒక ఐఎన్‌ఐ ఫైల్లో (సెట్టింగులు ఉండే ఫైలు) రాసుకుంటాయి. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చాలి. పాత ఫోల్డర్‌ని చెరిపెయ్యను, పేరు చివర ‘పాతది’ అని చేర్చి వదిలేస్తాను.

అప్‌గ్రేడ్ కాకుండా విండోస్‌ని కొత్తగా వేయించుకుని ఉంటే మీ పాత యూజర్ ఫోల్డర్ సీ డ్రైవ్‌లో ‘విండోస్ డాట్ ఓల్డ్’ లోపల ఉండొచ్చు. డిస్క్‌ని ఫార్మాట్ చేసి వేస్తే మాత్రం ఉండదు. ఉన్నా, ఆ ఫోల్డర్‌ని విండోస్ మామూలుగా 10 రోజులకి తనంతట తనే తీసేస్తుంది. ఇవాళే కాపీ చేసుకోండి.

ఎలా పడిపోతోంది?

‘పనిచెయ్యట్లేదు’ అన్న మాటతో ఎవరూ ఏమీ చెయ్యలేరు. బిల్లింగ్ సీట్లో కూర్చునే అమ్మాయిని అడగండి, యజమానికన్నా ఆమెకే బాగా తెలుస్తుంది. అసలు తెరుచుకోవడమే లేదా? తెరుచుకుని పాస్‌వర్డ్ కొట్టాక పోతోందా? బిల్లు మొత్తం కొట్టాక ప్రింట్ నొక్కితేనే పోతోందా? ఏదైనా పెట్టె వస్తే చదవకుండా ‘ఓకే’ నొక్కెయ్యకుండా ఫోన్‌తో ఫొటో తియ్యమనండి.

‘ఈ యాప్ మీ పీసీలో నడవదు’ అని ఇంగ్లీషులో నీలం పెట్టె వస్తే ఒక అనుమానం ముందే తీర్చుకోవాలి: అది 16 బిట్ ప్రోగ్రామా? డాస్ కాలం నాటి ఫాక్స్‌ప్రో, క్లిప్పర్ బిల్లింగులు ఆ కోవలోవే. 64 బిట్ విండోస్ వాటిని నడపదు. విండోస్ 10కి 32 బిట్ రకం ఉండేది, దాంట్లో అవి బతికాయి. విండోస్ 11కి 32 బిట్ రకమే లేదు. ఇక్కడ కంపాటిబిలిటీ టిక్కులు ఎన్ని పెట్టినా లాభం లేదు. దారి వేరే ఉంది, చివర్లో చెప్తాను.

విండోస్ రాసిపెట్టిన చీటీ

ప్రోగ్రాం ఏ మాటా లేకుండా మాయమైనా విండోస్ దాని గురించి చాలాసార్లు రాసిపెట్టుకుంటుంది. స్టార్ట్ నొక్కి ‘రిలయబిలిటీ’ అని ఇంగ్లీషులో కొట్టండి, ‘వ్యూ రిలయబిలిటీ హిస్టరీ’ వస్తుంది. రోజువారీ గీత, ఏదైనా పడిపోయిన రోజున ఎర్ర గుర్తు. నేను మొదట చూసేది ఇదే, ఎందుకంటే అసలు గొడవ అప్‌గ్రేడ్ రోజునే మొదలైందా అన్నది ఇక్కడ తేలిపోతుంది. అందరూ అప్‌గ్రేడ్‌ని తిడతారు. చూస్తే ఎర్ర గుర్తులు దానికి వారం ముందే మొదలై ఉంటాయి, లేదా రెండ్రోజుల తర్వాత కొత్త ప్రింటర్ డ్రైవర్ వేసిన పూట నుంచి ఉంటాయి.

లోపలి వివరం ఈవెంట్ వ్యూయర్‌లో ఉంటుంది. స్టార్ట్‌లో ఆ పేరు కొట్టి తెరిచి, ఎడమవైపు విండోస్ లాగ్స్, దాని కింద అప్లికేషన్ నొక్కండి. ప్రోగ్రాం పడిపోయిన సమయానికి ఎర్ర గుర్తుతో ‘అప్లికేషన్ ఎర్రర్’, ఈవెంట్ ఐడీ 1000 అని ఉంటుంది. పడిపోకుండా బిగుసుకుపోయిందైతే 1002. మిగతా ఎర్ర గుర్తులు చూసి భయపడకండి, ఏ రోగమూ లేని కంప్యూటర్లో కూడా అవి బోలెడుంటాయి.

1000 లోపల మూడు సంగతులు చూడాలి. పడిపోయిన ప్రోగ్రాం పేరు మీదేనా? ‘ఫాల్టింగ్ మాడ్యూల్’, అంటే పడిపోయినప్పుడు నడుస్తున్న ఫైలు, ఎవరిది? ‘ఎక్సెప్షన్ కోడ్’ ఎంత?

మాడ్యూల్ దగ్గర ఎన్‌టీడీఎల్‌ఎల్, కెర్నల్‌బేస్ లాంటి విండోస్ ఫైళ్ళ పేర్లు కనిపిస్తే విండోసే దోషి అనుకుంటారు చాలామంది. కప్పు కారితే తడిసేది గోడ, గోడ తవ్వితే ఏం దొరుకుతుంది? ప్రతి ప్రోగ్రామూ ఏ పనికైనా చివరికి ఆ రెండింటి లోపలికే వెళ్తుంది, పడిపోవడమూ అక్కడే జరుగుతుంది. మాడ్యూల్ పేరు పనికొచ్చేది అది వేరేవాళ్ళదైనప్పుడు. గ్రాఫిక్స్ డ్రైవర్‌దో, ప్రింటర్ డ్రైవర్‌దో, యాంటీవైరస్‌దో, తెలుగు టైపింగ్ టూల్‌దో అయితే సగం పని అయిపోయినట్టే. అక్షరాలు కొట్టే టూల్స్ నడుస్తున్న ప్రతి ప్రోగ్రాంలోకీ ఒక ఫైలు చొప్పిస్తుంటాయి. దాన్ని ఆపేసి ఒక్కసారి తెరిచి చూడండి.

కోడ్ దగ్గర మొదట్లో ‘సున్నా ఎక్స్ సీ’, తర్వాత కొన్ని సున్నాలు చాలావాటిలో ఒకేలా ఉంటాయి. చివరి నాలుగూ చూస్తే చాలు. 0005 అంటే ప్రోగ్రాం తనది కాని మెమరీని ముట్టుకుంది, కారణం ఏదైనా కావచ్చు, ఇది పెద్దగా ఏమీ చెప్పదు. 0135 అంటే కావలసిన డీఎల్‌ఎల్ ఫైలు (ప్రోగ్రాం నడవడానికి వాడుకునే సహాయక ఫైలు) లేదు. 007బీ అంటే చాలావరకు 32 బిట్ ప్రోగ్రాంకి 64 బిట్ ఫైలు దొరికింది, లేదా దానికి తిరగేసి. ఈ రెండూ లాగ్‌లో కాకుండా నేరుగా తెర మీద పెట్టెలోనే వస్తుంటాయి. కోడ్ ‘ఈ 0434352’ అని ముగిస్తే అది డాట్‌నెట్ (మైక్రోసాఫ్ట్ ఇచ్చే ప్రోగ్రామింగ్ వేదిక) మీద రాసిన ప్రోగ్రాం. మీ అదృష్టం, ఎందుకంటే అదే నిమిషంలో ‘డాట్‌నెట్ రన్‌టైమ్’, 1026 అని ఇంకో ఎంట్రీ ఉంటుంది. ఏ ఫైలు దొరకలేదో, ఎక్కడ అనుమతి లేదో దాంట్లో చాలాసార్లు మామూలు ఇంగ్లీషులోనే ఉంటుంది.

ప్రింటర్, తేదీ

ఈ రెండింటినీ ఎవరూ అనుమానించరు. నేను మాత్రం చీటీ చదవగానే ముందు వీటినే చూస్తాను.

పాత బిల్లింగ్ ప్రోగ్రాంలు, ముఖ్యంగా రిపోర్టులు చూపించేవి, తెరుచుకునేటప్పుడే డిఫాల్ట్ ప్రింటర్ ఎవరని అడుగుతాయి, కాగితం సైజు తెలుసుకోవడానికి. డిఫాల్ట్ ప్రింటరే లేకపోతే ఏం చెయ్యాలో రాసినాయన ఆలోచించి ఉండడు. ప్రోగ్రాం అక్కడే పడిపోతుంది. అప్‌గ్రేడ్‌లో పాత డాట్ మ్యాట్రిక్స్ డ్రైవర్ కొత్త విండోస్‌కి నచ్చక ఊడిపోయి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, దాంట్లో ప్రింటర్స్ అండ్ స్కానర్స్ తెరవండి. ‘లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్’ అన్నది ఆపెయ్యండి. అది ఆన్‌లో ఉంటే మీరు చివరిసారి దేనికి ప్రింట్ ఇచ్చారో దాన్నే డిఫాల్ట్ చేసేస్తుంది. పొద్దున ఎవరో పీడీఎఫ్ తీశారంటే మధ్యాహ్నం బిల్లు పీడీఎఫ్ ప్రింటర్‌కి పోతుంది. ఆపాక మీ ప్రింటర్‌ని చేత్తో డిఫాల్ట్‌గా పెట్టండి. ప్రింటర్ ఇంకా రాలేదా? తాత్కాలికంగా ‘మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్’నే డిఫాల్ట్ చేసి ప్రోగ్రాం తెరిచి చూడండి. తెరుచుకుంటే రోగం దొరికినట్టే, ఇక ప్రోగ్రాంని వదిలేసి డ్రైవర్ వెనక పడండి.

తేదీ సంగతి ఇంకా చిత్రం. విండోస్ కొత్తగా వేసేటప్పుడు ‘ఇంగ్లిష్, యునైటెడ్ స్టేట్స్’ అని వదిలేస్తే తేదీ నెలతో మొదలవుతుంది. పాత ప్రోగ్రాం రోజుతో మొదలవుతుందనే నమ్మకంతో రాసింది. కొన్ని ప్రోగ్రాంలు 12వ తేదీ దాకా రోజునీ నెలనీ తారుమారు చేసుకుని మౌనంగా బిల్లులు కొడతాయి, 13 రాగానే పదమూడో నెల దొరక్క పడిపోతాయి. ‘టైప్ మిస్‌మ్యాచ్’, రన్‌టైమ్ ఎర్రర్ 13 అని పెట్టె వస్తే నేను ప్రోగ్రాం జోలికి పోను, నేరుగా కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్ తెరుస్తాను. ఫార్మాట్ ఇండియాకి మార్చండి. ఇండియా పెట్టినా రోజుకీ నెలకీ మధ్య అడ్డగీత రావచ్చు. ప్రోగ్రాంకి స్లాష్ కావాలంటే ‘అడిషనల్ సెట్టింగ్స్’లో డేట్ దగ్గర చేత్తో స్లాష్ పెట్టాలి. పాత బిల్లు కాగితం ఒకటి తీసి చూస్తే పాత కంప్యూటర్లో తేదీ ఏ రూపంలో ఉండేదో తెలిసిపోతుంది. మౌనంగా తారుమారైన బిల్లులున్నాయేమో ఆ వారం చిట్టా కూడా ఒకసారి తిరగెయ్యండి.

అదే రీజియన్ పెట్టెలో ‘అడ్మినిస్ట్రేటివ్’ అని ఇంకో ట్యాబ్ ఉంది. ‘చేంజ్ సిస్టమ్ లొకేల్’ నొక్కితే కింద ‘బీటా’ అంటూ యూనికోడ్ యూటీఎఫ్ 8 టిక్ కనిపిస్తుంది. తెలుగు బాగా కనిపిస్తుందని ఎవరో చెప్తే పెట్టేస్తుంటారు. తెలుగు శుభలేఖలు అచ్చేసే ప్రెస్సుల్లో యూనికోడ్ రాకముందు ఫాంట్లు ఇంకా వాడతారు. అలాంటి ఫాంట్లతో నడిచే పాత ప్రోగ్రాంలు ఈ టిక్ ఉంటే అక్షరాలు చెడగొట్టడమో, తెరవగానే పడిపోవడమో చెయ్యొచ్చు. టిక్ తీసి రీస్టార్ట్ చెయ్యండి.

లేని ఫైళ్ళు

డాట్‌నెట్ 2.0, 3.0, 3.5 కాలంలో రాసిన ప్రోగ్రాంకి డాట్‌నెట్ 3.5 కావాలి. కొత్త విండోస్‌లో ఉండే 4.8 దానికి సరిపోదు. ‘టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్’ తెరిచి 3.5 పక్కన టిక్ పెట్టండి, ఇంటర్నెట్ ఉంటే అదే తెచ్చుకుంటుంది. సీ ప్లస్‌ప్లస్‌లో రాసినవాటికి ‘విజువల్ సీ ప్లస్‌ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్’ కావాలి. 64 బిట్ కంప్యూటర్ కదా అని 64 బిట్‌ది ఒక్కటే వేసి ఊరుకుంటారు. ప్రోగ్రాం 32 బిట్ అయితే దానికి ఎక్స్86 రకమే కావాలి. రెండూ వేసుకోండి, ఒకదానికొకటి అడ్డం కావు.

విజువల్ బేసిక్ ప్రోగ్రాంలు ఎర్రర్ 339 అనో 429 అనో ఇస్తే ఏదో ఓసీఎక్స్ ఫైలు (ప్రోగ్రాం వాడుకునే విడిభాగం) విండోస్‌లో రిజిస్టర్ కాలేదని అనుమానించండి. ఇక్కడ ఒక మడతపేచీ ఉంది. 64 బిట్ విండోస్‌లో ‘సిస్టమ్32’ ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ ఫైళ్ళు, ‘సిస్‌వావ్64’లో ఉండేవి 32 బిట్‌వి. పాత ఓసీఎక్స్ ఆ రెండోదాంట్లో పెట్టి, కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఆ ఫోల్డర్‌లోని రెగ్‌సర్వర్32తోనే రిజిస్టర్ చెయ్యాలి. ప్రోగ్రాంని డేటాబేస్‌కి కలిపే ఓడీబీసీ కూడా అంతే. పాత ప్రోగ్రాంకి డేటా సోర్స్ పెట్టేది ‘ఓడీబీసీ, 32 బిట్’ అని ఉన్నదాంట్లో. 64 బిట్‌దాంట్లో పెడితే ప్రోగ్రాంకి అది కనపడదు.

ఫైలు ఎక్కణ్ణుంచి తేవాలి? పాత కంప్యూటర్ నుంచి, విండోస్ డాట్ ఓల్డ్ నుంచి, సెటప్ సీడీ నుంచి. ‘డీఎల్‌ఎల్ ఫైళ్ళు ఉచితం’ అనే సైట్ల నుంచి మాత్రం వద్దు. అవి ఎవరు పెట్టారో, లోపల ఏం కలిపారో మనకి తెలీదు. కొట్టు లెక్కలు, బ్యాంకు పాస్‌వర్డ్ ఉన్న కంప్యూటర్లో అలాంటి ఫైలు పెట్టడం నాకు సమ్మతం కాదు.

రిజిస్టర్ చేసినా ఎర్రర్ పోకపోతే విండోస్ సెక్యూరిటీలో ‘ప్రొటెక్షన్ హిస్టరీ’ చూడండి. డిజిటల్ సంతకం లేని పాత ఫైళ్ళని డిఫెండర్ (విండోస్ సొంత యాంటీవైరస్) వైరస్ అనుకుని పక్కన పెట్టేసి ఉండొచ్చు. ఫైలు మీదేనని నమ్మకం ఉంటే అక్కడే వెనక్కి తెచ్చి, ఆ ఒక్క ఫోల్డర్‌కి మినహాయింపు ఇవ్వండి. డిఫెండర్ మొత్తాన్ని ఆపి వదిలేసినవాళ్ళున్నారు, అది చెయ్యకండి. అదే చోట ‘కోర్ ఐసొలేషన్’లో మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉంటే పాత యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్స్ తాళంచెవిలా పనిచేసే పుల్ల) డ్రైవర్‌ని విండోస్ లోపలికి రానివ్వకపోవచ్చు. డాంగిల్ కనపడక ప్రోగ్రాం మూసుకుంటుంది. డాంగిల్ చేసినవాళ్ళ సైట్లో కొత్త డ్రైవర్ ఉందేమో చూడండి.

డేటా వేరే కంప్యూటర్లో ఉంటే

ఒక కంప్యూటర్లో డేటా, మిగతా సీట్లు నెట్‌వర్క్ మీద, ఇదీ మా వైపు కొట్లలో అమరిక. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ లేని షేర్ ఫోల్డర్లకి కనెక్ట్ కానివ్వడం లేదు. డేటా అందక ప్రోగ్రాం తెరవగానే పోతుంది. ఎక్స్‌ప్లోరర్‌లో ఆ ఫోల్డర్ తెరుచుకుంటోందో లేదో చూస్తే చాలు, ప్రోగ్రాం తప్పు కాదని తెలుస్తుంది. డేటా ఉన్న కంప్యూటర్లో పాస్‌వర్డ్‌తో ఒక యూజర్‌ని పెట్టి, ఆ పేరూ పాస్‌వర్డూ ప్రతి సీట్లో ‘క్రెడెన్షియల్ మేనేజర్’లో ఒకసారి ఎక్కించండి. దీనికి బదులు పాత ఎస్ఎంబీ 1ని (ఫోల్డర్లు షేర్ చేసుకునే పాత పద్ధతి) ఆన్ చెయ్యమని చెప్పేవాళ్ళుంటారు, వినకండి. 2017 మేలో ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వానాక్రై వైరస్ పాకింది దాంట్లో ఉన్న లోపం పట్టుకునే.

ఇక్కడ కూడా ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ కొత్త చిక్కు తెస్తుంది. మామూలు యూజర్‌గా పెట్టుకున్న జెడ్ డ్రైవ్ అడ్మినిస్ట్రేటర్‌గా నడిచే ప్రోగ్రాంకి కనపడదు. ఎక్స్‌ప్లోరర్‌లో డ్రైవ్ ఉంటుంది, ప్రోగ్రాం లేదంటుంది. తలలు పట్టుకునే ముందు ఆ టిక్ తీసి చూడండి.

అందరూ ముందు చెప్పేవి

ఏ సమస్యకైనా ‘ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ’ కొట్టమంటారు. అది విండోస్ సొంత ఫైళ్ళు బాగున్నాయో లేదో చూస్తుంది, మీ బిల్లింగ్ ప్రోగ్రాంకి ఏం కావాలో దానికి తెలీదు. చేస్తే నష్టం లేదు, మిగతా ప్రోగ్రాంలు కూడా పడిపోతుంటే తప్పక చెయ్యండి. ఒక్క ప్రోగ్రామే పడిపోతుంటే టైం దండగ. రిజిస్ట్రీ క్లీనర్లు అసలే వద్దు.

కంపాటిబిలిటీ మోడ్ గురించి కొంచెం. అది ముఖ్యంగా చేసేది, ఇది పాత విండోసే అని ప్రోగ్రాంని నమ్మించడం. విండోస్ వెర్షన్ చూసి వెనక్కి తిరిగే ప్రోగ్రాంలకి బాగా పనిచేస్తుంది. లేని ఫైలుని తెచ్చిపెట్టదు. అదే ట్యాబ్‌లో ‘చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్’ మాత్రం పనికొచ్చేది. కొత్త పెద్ద స్క్రీన్ మీద బటన్లు తెర బయటికి పోతే దాంట్లో ‘ఓవర్‌రైడ్’ టిక్ పెట్టి ‘సిస్టమ్’ ఎంచుకోండి.

ఇంకా తేలకపోతే

కొత్త విండోస్ యూజర్ ఒకటి పెట్టి దాంట్లో తెరవండి. అక్కడ నడిస్తే గొడవ పాత యూజర్ సెట్టింగుల్లో ఉంది. అక్కడా పడిపోతే ‘ఎంఎస్ కాన్ఫిగ్’ తెరిచి, సర్వీసెస్‌లో ముందు ‘హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్’ టిక్ పెట్టి, మిగిలినవన్నీ ఆపి, రీస్టార్ట్ చేసి చూడండి. ముందు టిక్ పెట్టడం మర్చిపోతే అవసరమైనవి కూడా ఆగిపోతాయి. ప్రోగ్రాం నడిస్తే ఆపినవాటిని కొన్ని కొన్నిగా మళ్ళీ ఆన్ చేస్తూ రండి, దొంగ దొరుకుతాడు.

కాస్త ఓపికున్నవాళ్ళకి మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్‌లోని ప్రాసెస్ మానిటర్ ఉంది, ఉచితం. మీ ప్రోగ్రాం పేరుతో ఫిల్టర్ పెట్టి, దాన్ని పడిపోనిచ్చి, చివరి వరసలు చదవాలి. ‘నేమ్ నాట్ ఫౌండ్’ అని వందలు వస్తాయి, చాలావరకు మామూలే. పడిపోయే ముందు అదే ఫైలుని పదేపదే వెతికినా, ‘యాక్సెస్ డినైడ్’ కనిపించినా అక్కడ ఆగండి.

బిల్లింగ్ ఆగితే కొట్టు ఆగుతుంది కాబట్టి వెనక్కి పోవడం అవమానమేం కాదు. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో ‘గో బ్యాక్’ ఉంటుంది, అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల లోపు. ఆ గడువు దాటకముందే ‘డిజమ్’ కమాండ్‌తో దాన్ని 60 రోజుల దాకా పెంచుకోవచ్చు. వెనక్కి వెళ్తే ఫైళ్ళు ఉంటాయి, అప్‌గ్రేడ్ తర్వాత వేసిన ప్రోగ్రాంలు పోతాయి. విండోస్ 10కి డబ్బు కట్టో, నమోదు చేసుకునో పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లు ఇళ్ళలో వాడే కంప్యూటర్లకి 2026 అక్టోబరు 13 దాకా అన్నారు. శాశ్వతంగా అక్కడే ఉండిపోదామనుకోకండి.

16 బిట్ ప్రోగ్రాంలకి, మరే మందూ పనిచెయ్యనివాటికి దారి వర్చువల్ మెషీన్. కొత్త విండోస్ లోపలే ఒక పెట్టెలో పాత 32 బిట్ విండోస్ వేసి, ప్రోగ్రాంని దాంట్లో నడపడం. దానికి ఇంటర్నెట్ ఇవ్వకండి. ఈలోగా కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి మారే పని మొదలుపెట్టండి. కనీసం కస్టమర్ల పేర్లూ, బాకీలూ ఎక్సెల్‌లోకి తీసి పెట్టుకోండి.

ప్రోగ్రాం నిలబడ్డాక రీస్టార్ట్ చేసి, రోజూ వాడే యూజర్‌తోనే లాగిన్ అయి, ఒక బిల్లు కాగితం మీద ప్రింట్ తియ్యండి, రోజు ముగింపు రిపోర్ట్ కూడా. ఏ సెట్టింగ్ మార్చారో కాగితం మీద రాసి సీపీయూ పక్కన అంటించండి. ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేట్ తర్వాత అదే మళ్ళీ అక్కరకొస్తుంది. పాత హార్డ్‌డిస్క్‌నీ, తీసుకున్న కాపీనీ మాత్రం ఆ నెల జీఎస్టీ రిటర్నులు దాఖలయ్యేదాకా తుడవొద్దు. నెలనెలా కట్టేవాళ్ళయితే జీఎస్టీఆర్ 1కి తర్వాతి నెల 11, 3బీకి 20, ఈ రెండు తేదీలూ దాటాక ఆడిటర్‌ని కూడా ఒక మాట అడిగి అప్పుడు చూసుకోవచ్చు.